తుపానుకు ఇల్లు వదిలి వచ్చిన కుటుంబాన్ని మన ఊళ్లో నిలబెట్టడం ఎలా? వరంగల్ కాలనీలకు, గ్రామాలకు ఒక సమగ్ర మార్గదర్శి

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది. మరునాటికి వరంగల్, హనుమకొండల్లోని లోతట్టు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. తుపాను అంటే మచిలీపట్నం సంగతి, కాకినాడ సంగతి అనుకునే రోజులు పోయాయి. తీరం నుంచి రైలెక్కి కాజీపేటలో దిగే కుటుంబాలు ఒకవైపు, మన వాగుల పక్కనే ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు మరోవైపు. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది. ఊరంతా మిద్దెలెక్కి, చెట్లెక్కి సాయం కోసం ఎదురుచూసింది.

అలాంటి వేళల్లో మన జనం కదలడానికి ఎవరూ చెప్పనక్కరలేదు. పులిహోర పొట్లాలు, దుప్పట్లు, నీళ్ల సీసాలు గంటల్లో చేరతాయి. అయితే వారం తిరిగేసరికి జనం పలచబడతారు. పునరావాస శిబిరం మూసేస్తారు. నిజమైన కష్టం మొదలయ్యేది అప్పుడే. అద్దె ఎవరు కట్టాలి, పిల్లలు ఏ బడికి పోవాలి, రేషన్ ఎక్కడ, పని ఎక్కడ? ఈ మార్గదర్శి ఎక్కువగా ఆ తర్వాతి నెలల గురించే. మొదటి వారంలో పెట్టే ఖర్చులో సగం ఆరో నెల కోసం దాచిపెట్టమని ముందే అడుగుతున్నాను.

1. వాన రాకముందే చేయాల్సింది

మనకు వాగులు పొంగేది జులై నుంచి సెప్టెంబర్ వరకు. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో ఎక్కువ. అంటే జూన్‌లోనే ఒక చిన్న బృందం సిద్ధంగా ఉండాలి. కాలనీ సంక్షేమ సంఘం నుంచి ఇద్దరు, మహిళా సంఘం నుంచి ఇద్దరు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయుడు, కార్యాలయాల తీరు తెలిసిన విశ్రాంత ఉద్యోగి ఒకరు. ఎనిమిది మంది చాలు. పదవులు పంచుకునే కమిటీ కన్నా పనులు పంచుకునే బృందమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ బృందం సంగతి తహసీల్దారుకు, మున్సిపల్ వార్డు కార్యాలయానికి కాగితం మీద రాసి ఇవ్వండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. నిర్వాసితులకు ఆశ్రయం, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం కనీస ప్రమాణాలతో అందాలని ఆ చట్టమే చెబుతోంది. మనం చేసేది ఆ బాధ్యతకు తోడు. దాన్ని ప్రభుత్వం భుజం మీద నుంచి దించి మన నెత్తిన పెట్టుకోవడం మాత్రం కాకూడదు.

డబ్బుకు ఒకే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, ఒక చిట్టా పుస్తకం. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి నెలకోసారి కాలనీ నోటీసు బోర్డు మీద కనిపించాలి.

2. మొదటి రోజులు: పడక, నీళ్లు, మరుగు

బడి భవనం చేతికి అందేట్టు ఉంటుంది కాబట్టి అందరూ దానివైపే చూస్తారు. కానీ బడి తెరవాల్సిన రోజు శిబిరాన్ని ఖాళీ చేయించాల్సి వస్తుంది. పెళ్లిళ్లు లేని రోజులైతే ఫంక్షన్ హాలు మేలు. ఊళ్లో కుల సంఘ భవనం వాడుకుంటే అన్ని కులాల వారికీ లోపల సమానంగా చోటు ఇస్తామని ఆ సంఘ పెద్దలతో ముందే ఒప్పందం చేసుకోండి. ఈ మాట రాత్రి పదకొండింటికి తడిసిన పిల్లలతో గుమ్మం దగ్గర తేల్చుకునేది కాదు.

అంతర్జాతీయ సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు కొలతలకు పనికొస్తాయి. మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. 1,400 చదరపు అడుగుల హాలు అంటే దాదాపు 130 చదరపు మీటర్లు. అందులో ముప్పై ఏడు మందికి మించి పడుకోబెట్టకూడదు. మనం సాధారణంగా వంద మందిని కుక్కుతాం. మరుగుదొడ్లలో ఎక్కువ భాగం ఆడవారికి కేటాయించండి. లోపలి గడియ పనిచేస్తుందా, దారిలో దీపం ఉందా అన్నది రాత్రి పూట స్వయంగా నడిచి చూడండి.

ట్యాంకు నీటికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కావాలి. దాన్ని కొంచెం నీటిలో కలిపి, తేరిన పైనీటిని మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి వాడాలి. పౌడరు పాతదైతే ఘాటు పోయి పనిచేయదు. వాంతులు, విరేచనాలు కనిపించిన వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టి ఆశా కార్యకర్తకు చెప్పండి. నీళ్లు తీసిన ఇళ్లలోకి పాములు చేరతాయి. పాము కాటుకు కట్లు కట్టడం, కోయడం వద్దు. 108కి ఫోను చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వంట సంగతి మన వాళ్లకు నేర్పనక్కరలేదు, మేడారం జాతరకు తోవ పొడవునా అన్నం వండి పెట్టిన చేతులు ఇక్కడ ఉన్నాయి. ఒకటే కోరతాను. మూడో రోజు నుంచి శిబిరంలోని ఆడవాళ్లు, మగవాళ్లు వంటలో చేరేట్టు చూడండి. ఏం వండాలో వాళ్లే చెప్పాలి. సముద్రపు ఒడ్డు కుటుంబానికి వారం రోజులు చేప లేకుండా ముద్ద దిగదు. మన వాగు పక్క పెద్దమ్మకు జొన్నరొట్టె లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. తన పొయ్యి ముందు తాను నిలబడటంతోనే మనిషికి సగం ధైర్యం తిరిగి వస్తుంది.

పాత బట్టల మూటలు తీసుకోవద్దు. వాటిని విప్పి, వేరు చేసి, పనికిరానివి పారేయడానికే బృందం బలమంతా పోతుంది. కొత్తవే కొనండి. లోదుస్తులు, నైటీలు, లుంగీలు, తువ్వాళ్లు, పిల్లల కొలతల్లో బట్టలు, శానిటరీ ప్యాడ్లు. ఇస్తున్నప్పుడు ఫొటోలు తీయకండి, దాత అడిగినా సరే. రసీదు ఇవ్వండి, లెక్క చూపండి, చేయి చాచిన మనిషి ముఖం మాత్రం ఎవరికీ పంపకండి.

3. ఒకే పుస్తకం, ఒకేసారి అడగడం

వచ్చిన ప్రతివాడూ అవే ప్రశ్నలు అడగడం కన్నా పెద్ద అవమానం శిబిరంలో మరొకటి ఉండదు. "ఎంత పోయింది? ఎవరు పోయారు?" అని పది మందికి పదిసార్లు చెప్పుకోవాలి. బృందంలో ఒకరే, వీలైతే ఒక మహిళ, నెమ్మదిగా కూర్చుని అడగాలి. "అక్కా, రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. బీపీ, షుగర్, మూర్ఛ మందులు మధ్యలో ఆగితే ప్రమాదం. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వాటిని ఒక్క రోజు కూడా ఆపనివ్వకండి. డయాలసిస్ అవసరమైన వారిని, నెలలు నిండిన వారిని అదే రోజు ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో చేర్చండి. జబ్బుల వివరాలు వేరే పుస్తకంలో రాసి తాళం వేయాలి.

తల్లిదండ్రులు లేకుండా వచ్చిన పిల్లలుంటే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. "మేం పెంచుకుంటాం" అని వచ్చేవారు ఎంత మంచివారైనా, దూరపు చుట్టమని చెప్పినా, శిశు సంక్షేమ కమిటీ ద్వారా తప్ప బిడ్డను అప్పగించరాదు.

4. కాగితాలు: ఏది ముందు, ఏది తర్వాత

అన్ని మెట్లలోకీ ఎక్కువ ఓపిక అడిగేది ఇదే. వరుస తప్పితే కుటుంబం ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరుగుతూనే ఉంటుంది.

మొదట ఫోను నంబరు. ఆధార్, బ్యాంకు, గ్యాసు, అన్నింటికీ ఓటీపీ పాత నంబరుకే వస్తుంది. ఫోను నీళ్లలో పోయినా అదే నంబరుతో మరో సిమ్ తీసుకోవాలి. కొత్త నంబరు తీసుకుంటే పని రెట్టింపవుతుంది. తొందరలో ఎవరో చవకగా ఇచ్చే కొత్త సిమ్ వద్దని గట్టిగా చెప్పండి.

రెండోది ఆధార్. నంబరు గుర్తుంటే వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. గుర్తు లేకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో వెతికించుకోవచ్చు. ముసలివాళ్లకు, సున్నం పని, వలల పని చేసే వారికి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. కంటిపాప గుర్తింపు పరికరం ఉన్న కేంద్రం ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకోండి.

మూడోది బ్యాంకు. పాస్‌బుక్ పోయినా ఖాతా పోదు. ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్‌తో కొద్ది మొత్తం తీసుకోవచ్చు. నష్టపరిహారం పడేది ఈ ఖాతాలోనే కాబట్టి, అది పనిచేస్తోందా, ఆధార్‌తో కలిసి ఉందా అని ముందే చూసుకోవాలి.

నాలుగోది రేషన్. జాతీయ ఆహార భద్రత చట్టం కింద కార్డున్న కుటుంబం దేశంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా ధాన్యం తీసుకోవచ్చు. విజయవాడ కార్డు వరంగల్‌లో చెల్లుతుంది. డీలరు కాదన్నచోట బృందం సభ్యులొకరు వెంట వెళ్లి నిలబడితే చాలాసార్లు పని అవుతుంది. ఇప్పుడే కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టి పాతది వదులుకోవద్దు.

ఎందుకంటే పరిహారం పోయిన ఇంటి చిరునామా మీదే వస్తుంది. నష్టం లెక్క రాయడానికి సిబ్బంది వచ్చే రోజు ఇంటి మనిషి ఒకరైనా అక్కడ ఉండాలి. వరంగల్‌లో శిబిరం బాగుందని అందరూ ఇక్కడే ఉండిపోతే అక్కడ జాబితాలో పేరు ఎక్కదు. అందుకే బృందం పెట్టే మొదటి పెద్ద ఖర్చు ఇద్దరి రానుపోను ఛార్జీలు కావాలంటాను. వెళ్లిన వారు గోడ మీద నీటి గుర్తు కనపడేలా, కూలిన భాగం, పాడైన సామాను, చచ్చిన పశువులు కనపడేలా ఫొటోలు తీసుకురావాలి.

2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ ప్రమాణాల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి రూ.1.20 లక్షలు, గుడిసెకు రూ.8,000, పాడి గేదెకు రూ.37,500, గొర్రెకో మేకకో రూ.4,000 ఉన్నాయి. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి మునిగినా బట్టలకు రూ.2,500, వంట పాత్రలకు రూ.2,500 చొప్పున కుటుంబానికి ఇవ్వాలి. పడవలకు, వలలకు కూడా పరిహారం ఉంది. రాష్ట్రాలు దీనికి అదనంగా ప్రకటించవచ్చు. దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోటా తేదీ ముద్రతో ఒక ప్రతి తీసుకోండి.

డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ డిజిలాకర్‌లో దొరుకుతాయి. ఓటరు కార్డు పోతే ఫారం 8. తడిసిన పట్టా కాగితాలు దొరికితే ఎండలో పెట్టవద్దు. నీడన, విడివిడిగా ఆరబెట్టి, అంటుకున్న వాటిని లాగకుండా ఉంచాలి.

5. శిబిరం నుంచి ఇంటికి

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచింది. అక్కడి నుంచి వేలాది మంది టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరానికి చేరారు. ఆ నగరం వారికి ఆస్ట్రోడోమ్ క్రీడా ప్రాంగణం తలుపులు తెరిచింది. కొద్ది వారాల్లోనే దాన్ని ఖాళీ చేసి, అద్దె వోచర్లిచ్చి కుటుంబాలను అపార్టుమెంట్లకు తరలించింది. మనకు ఆ వనరులు లేవు. ఆ తీరు మాత్రం మనకూ పనికొస్తుంది. శిబిరాన్ని రోజుల్లో లెక్కపెట్టాలి, ఇంటిని నెలల్లో లెక్కపెట్టాలి.

ఇల్లు వెతికేటప్పుడు మొదట ఆ వీధికి వరద చరిత్ర ఉందేమో చూడండి. అద్దె తక్కువ అంటే చాలాసార్లు నాలా పక్క ఇల్లు అని అర్థం. హంటర్ రోడ్డు వైపు లోతట్టు కాలనీల్లో, నయీంనగర్ నాలా పరిసరాల్లో ఇటీవలి వరదలు ఇళ్లలోకి వచ్చాయి. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. వరంగల్ గొలుసుకట్టు చెరువుల నేల. నీరు తన పాత దారి మరిచిపోదు. పక్కింటి వారిని అడగండి, గోడ అడుగున మరకలు చూడండి. ఒక వరద తప్పించుకున్న వారిని రెండో వరదలో దించకూడదు.

ఇంటి యజమానులు ఒప్పుకోకపోవడం పెద్ద అడ్డంకి. పేరు అడిగిన వెంటనే కులం అడుగుతారు. చేపలు వండుతారా అంటారు. జనం ఎక్కువంటారు. బృందం పెద్దలు ముందుగా వెళ్లి మాట్లాడాలి. "అన్నా, మూడు నెలల అద్దెకు మేం పూచీ. ఏ ఇబ్బంది ఉన్నా రాత్రయినా మాకు ఫోను చెయ్యి" అని చెప్పి సంతకం పెడితే చాలామంది మెత్తబడతారు. పదకొండు నెలల ఒప్పందం కుటుంబం పేరు మీదే రాయించండి, బృందం పేరు మీద కాదు. రేపు చిరునామా రుజువుగా పనికొచ్చేది అదే. మొదటి మూడు నెలలు పూర్తి అద్దె, తర్వాతి మూడు నెలలు సగం, ఆపై కుటుంబమే కట్టుకోవడం అని మొదటి రోజే చెప్పండి.

సామానుకు దాతల దగ్గర వస్తువు వస్తువుగా అడగండి. గ్యాసు పొయ్యి, కుక్కరు, బిందెలు, చాపలు, దోమతెరలు, ఫ్యాను, పిల్లలు చదువుకునే దీపం, తాళం. తెలిసిన రెండు మూడు కుటుంబాలను ఒకే వీధిలో ఉంచగలిగితే అంతకన్నా మేలు లేదు. ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకుంటారు, ఒకరి బాధ ఒకరికి తెలుసు.

ఇక్కడి నుంచి ప్రతి కుటుంబానికి వీధిలోని నాలుగు ఇళ్లు తోడుగా ఉండాలి. ఒకరు కార్యాలయాలకు, ఒకరు ఆసుపత్రికి, ఒకరు బడికి, ఒకరు పనికి. ఏడాది పాటు.

6. బడి

పిల్లలు ఇంట్లో కూర్చున్న కొద్దీ చదువుకు దూరమవుతారు. మొదటి వారంలోనే చేర్చండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు టీసీ ఆలస్యమైందని, వయసు రుజువు లేదని ప్రవేశం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ మాట చెప్పి, పిల్లవాడి చేయి పట్టుకుని ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్తే చాలు. పుస్తకాలు, మధ్యాహ్న భోజనం బడిలోనే.

ఆంధ్ర నుంచి వచ్చిన పదో తరగతి పిల్లల సంగతి వేరు. రెండు రాష్ట్రాల బోర్డులు వేరు, పుస్తకాలు వేరు. పరీక్ష ఎక్కడ రాయాలో ఫీజు గడువుకు ముందే రెండు బడుల వారితో మాట్లాడి తేల్చాలి. పాత బడిలోనే రాయాలనుకుంటే ఆ పుస్తకాలు తెప్పించి, సాయంత్రాలు చదువు చెప్పేవారిని కుదర్చండి.

7. పని, కూలి, బయానా

బియ్యం ఇచ్చినంత తేలికగా పని ఇవ్వలేం. ఇక్కడ స్థానిక పేదల కడుపు కూడా ముడిపడి ఉంది.

తుపాన్ల కాలం మన పత్తి ఏరే కాలం కూడా. కూలీల కొరత ఉంటుంది కాబట్టి పని వెంటనే దొరుకుతుంది. కొత్తవాళ్లు కష్టంలో ఉన్నారని కొందరు రైతులు, మేస్త్రీలు తక్కువ కూలి ఇస్తారు. దీన్ని మొదటి రోజే ఆపాలి. స్థానికులకు ఎంతో వారికీ అంతే. లేకపోతే ఇక్కడి కూలీల రేటు పడిపోతుంది, ఆ కోపం వచ్చిన వారి మీదే తిరుగుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని అడిగేముందు హమాలీ సంఘంతో మాట్లాడండి, వారిని దాటుకుని పోవద్దు.

మత్స్యకారులకు చెరువు చూపిస్తే పని దొరుకుతుందనుకోవడం సరికాదు. మన చెరువుల్లో చేపలు పట్టే హక్కు ఆ ఊరి మత్స్యకారుల సహకార సంఘానిది. తరతరాల హక్కు అది. వల అల్లడం, బాగుచేయడం, చేపలు శుభ్రం చేసి అమ్మడం, ఎండబెట్టడం వంటి పనుల్లో సంఘం ఒప్పుకుంటే చోటు దొరుకుతుంది. నేతకారులను వరంగల్‌లో నేతపని సాగే కొత్తవాడకు తీసుకెళ్లండి. అక్కడ నేసే వరంగల్ దర్రీలకు (నేల మీద పరిచే నూలు తివాచీలకు) 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర నేసిన చేతికి దర్రీ మగ్గం అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది, ఆ నేర్చుకునే రోజులకు బృందం కూలి కట్టాలి. కుట్టు మిషను, టిఫిన్ బండి, వడ్రంగి పనిముట్లు వంటివి ఎవరి చేతికి ఏది అలవాటో అడిగి కొనివ్వాలి.

చాలా గట్టిగా చెప్పదలచింది ఒకటుంది. ఇల్లు పోయిన కుటుంబం చుట్టూ బయానా, అంటే కూలి మీద ముందస్తు సొమ్ము, ఇచ్చే మేస్త్రీలు తిరుగుతారు. ఇటుక బట్టీకో దూర ప్రాంతపు పనికో చేతిలో ముప్పై వేలు పెట్టి కుటుంబాన్ని మొత్తం తీసుకుపోతారు. అప్పు తీరేదాకా కదలనివ్వకపోవడం 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరం. పోయేవారిని బలవంతంగా ఆపలేం. కానీ ఆ మొత్తం ఎందుకు అవసరమైందో అడిగితే చాలాసార్లు ఆసుపత్రి ఖర్చో, పాత అప్పు మీద వడ్డీయో అవుతుంది. దాన్ని మహిళా సంఘం అప్పుగా ఇవ్వగలిగితే ఒక కుటుంబం దక్కుతుంది.

సూరత్, భీవండి, దుబాయి పోయి బతికిన వాళ్లు మన ఇంటింటా ఉన్నారు. పరాయి ఊళ్లో మొదటి నెల ఎలా గడుస్తుందో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

8. మనసు, ఇరుగుపొరుగు

వాన శబ్దానికి ఉలిక్కిపడే పిల్లలు, నిద్రపట్టని పెద్దలు ఉంటారు. "మరిచిపో" అనకండి, చెబితే వినండి. నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోను చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మగవాళ్లు తాగుడులో పడటం, ఇంట్లో కొట్టడం పెరుగుతాయి. ఆడవాళ్లకు మహిళల సహాయ నంబరు 181 తెలిసి ఉండాలి.

"మా ఇళ్లూ మునిగాయి, మమ్మల్ని ఎవరు చూశారు?" అని స్థానికులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. సహాయ జాబితా రాసేటప్పుడు కాలనీలోని మునిగిన ఇళ్లనూ అందులోనే రాయండి. బతుకమ్మకు, బోనాలకు పిలిచేటప్పుడు ప్రేక్షకులుగా పిలవకండి, పని అప్పగించండి.

9. ఉండటమా, వెళ్లడమా

ఈ నిర్ణయం కుటుంబానిది. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి కూర్చుని అడగండి. భార్యను విడిగా, ముసలివారిని విడిగా కూడా అడగండి. ఒకే ఇంట్లో మూడు రకాల జవాబులు వస్తాయి. వెళ్తామంటే ప్రయాణ ఖర్చులు, ఇంటి మరమ్మతుకు కొంత సొమ్ము, పిల్లల టీసీలు చేతికివ్వండి. పరీక్షలు అయ్యేదాకా తల్లీ పిల్లలు ఇక్కడ, తండ్రి అక్కడ ఇల్లు కట్టుకోవడం కూడా చాలామందికి కుదిరే దారి. ఉంటామంటే, పరిహారం పూర్తిగా అందిన తర్వాత మాత్రమే ఓటు, రేషన్ కార్డు, గ్యాసు ఇక్కడికి మార్పించండి.

ఏడాది నిండాక లెక్కలు కాలనీ సమావేశంలో చదివి వినిపించండి, ఆ కుటుంబాలనూ పిలవండి. జబ్బుల పుస్తకాన్ని ఎవరి పేజీలు వారికి ఇచ్చి మిగతాది చింపేయండి. మిగిలిన సొమ్ము ఖాతాలోనే ఉంచి, వచ్చే జూన్‌లో దోమతెరలు, క్లోరిన్ మాత్రలు, టార్చిలైట్లు కొనండి. బృందంలోకి ఈసారి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల నుంచి ఒకరిని తీసుకోండి.